రంగస్థలపు గద – రణరంగపు గద

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతము పౌరాణిక నాటకములను మిక్కిలి ఆదరించినది. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకములలో ఖ్యాతి గాంచి, 1956లో పద్మశ్రీ పొందెను. పౌరాణిక నాటకములలో భీమదుర్యోధనులు గుమ్మడికాయంత గదలను భుజమున మోయుచు ప్రవేశింతురు. అట్టి గద నిజముగా ఇనుపదైనచో దాని బరువెంత?

గద తల 30 సెంటీమీటర్ల వ్యాసము గల గోళమనుకొందము. దాని ఘనపరిమాణము సుమారు 14,137 ఘన సెంటీమీటర్లు. ఒక ఘన సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు తూగును. కావున ఆ గోళము బరువు 111 కిలోలు! నిండు వడ్ల బస్తాకంటె ఎక్కువ. ఎంత బలశాలియైనను దానిని త్రిప్పి పోరాడలేడు. వ్యాసమును అయిదవ వంతునకు, అనగా 6 సెంటీమీటర్లకు తగ్గించినచో, బరువు 125వ వంతునకు తగ్గి 0.9 కిలో అగును. మధ్యయుగ యోధులు వాడిన గదలు సాధారణముగా 1 నుండి 2 కిలోలు మాత్రమే తూగెడివి. ఒంటిచేతి కత్తులు 1 నుండి 1.5 కిలోలుండెడివి.

ఇందుకు కారణమేమి? గతిశక్తి బరువునకు అనులోమముగాను, వేగముయొక్క వర్గమునకు అనులోమముగాను పెరుగును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. అదిగాక, గురితప్పిన బరువైన ఆయుధమును వెనుకకు మరల్చులోపల శత్రువు దెబ్బ తగులును.

ఈ పొరపాటు మన రంగస్థలమునకే పరిమితము కాదు. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట వెలువడెను. ఆటగాండ్రు ఊహాలోక వీరుల పాత్రలు ధరించి, మాటలతో, పాచికలతో ఆడుదురు. 1978 నాటి దాని నియమగ్రంథములో రెండుచేతుల కత్తికి 250 నాణెముల తూకము, అనగా 25 పౌండ్లు, సుమారు 11 కిలోలు చూపిరి. మోయుటలోని ఇబ్బందిని కూడ ఆ ఆట తూకముగానే లెక్కించును. నిజమైన కత్తి 2 నుండి 4 కిలోలే.

నాటకపు గద పెద్దదగుట తప్పు కాదు. చివరి వరుసలోని ప్రేక్షకునికిని అది కనబడవలెను. చెక్కతోను, అట్టతోను చేసినందున నటుడు దానిని సులభముగా మోయగలడు. కాని దానినే చరిత్రగా గ్రహించినచో, పూర్వులు అతిమానుషులని తలచి, వారి నేర్పును, కమ్మరి పనితనమును మరతుము. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో తయారైన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోవుచుండిరి. మేలైన ఉక్కుతో పలుచని, తేలికైన, దృఢమైన కత్తి సాధ్యమగును.

పాఠశాలలో విసరు 4 కిలోల ఇనుపగుండు వ్యాసము సుమారు 10 సెంటీమీటర్లే. దానిని ఒకసారి చేతబట్టిన విద్యార్థికి రణరంగపు గద ఎంత చిన్నదో వేరుగ చెప్పనక్కరలేదు.