అర్థం కాని భాషలో చదివిన తాఖీదు



గ్రామసభలో ఎవరో కాగితం చదువుతారు. మన పెద్దోళ్లకి సగం కూడా అర్థం కాదు. చివర్లో వేలిముద్ర అడుగుతారు. అది చూసినప్పుడల్లా నాకు 500 ఏళ్ల కిందటి ఒక కాగితం గుర్తొస్తుంది.

పోటీ పరీక్షలకి మనం 'భౌగోళిక ఆవిష్కరణలు' అని చదువుతాం. కొలంబస్, 1492, అంతే. ఆ తర్వాత అక్కడి జనం భూమి ఎట్లా పోయిందో మాత్రం చదవం.

1493లో పోప్ ఆరవ అలెగ్జాండర్ అట్లాంటిక్ సముద్రంలో ఒక గీత చెప్పి, దానికి పడమర దొరికే భూములు స్పెయిన్ రాజరికానివి అన్నాడు. 1494లో టోర్డెసిల్లాస్ ఒప్పందంతో స్పెయిన్, పోర్చుగల్ ఆ గీతను ఇంకా పడమరకి జరిపి పంచుకున్నాయి. అక్కడ బతికే వాళ్లని ఎవరూ అడగలేదు.

1513లో స్పెయిన్ న్యాయపండితుడు పలాసియోస్ రూబియోస్ ఒక తాఖీదు రాశాడు. పేరు రెక్వెరిమియెంతో. దాని సారం ఇది: దేవుడు లోకాన్ని పోప్‌కి అప్పగించాడు, పోప్ మీ నేలను మా రాజుకిచ్చాడు. ఒప్పుకుంటే సరే. లేదంటే యుద్ధం చేస్తాం, మీ భార్యాబిడ్డల్ని బానిసలు చేస్తాం, ఆ చావులకి తప్పు మీదే.

దాన్ని స్పానిష్‌లోనే చదివేవాళ్లు, చాలాసార్లు దుబాసీ కూడా ఉండేవాడు కాదు. జనం పారిపోయిన ఖాళీ ఊళ్లకీ, చెట్లకీ చదివిన సందర్భాలున్నాయి. చదివినట్టు నోటరీ సంతకం పెడితే చాలు, దాడి చట్టబద్ధం అయిపోయేది. సెనూ ప్రాంతపు పెద్దలకి మాత్రం ఈ మాట అర్థమయ్యేలా చెప్పారట. తనది కానిది దానం చేసిన ఆ పోప్ తాగి ఉంటాడని వాళ్లు బదులిచ్చినట్టు ఎన్సిసో అనే స్పెయిన్ అధికారే రాసుకున్నాడు.

యూరప్‌లో అందరూ ఒకేలా ఆలోచించలేదు, అదీ చెప్పుకోవాలి. 1539లో సలమాంకా విశ్వవిద్యాలయంలో విటోరియా అనే ఆచార్యుడు, ఆ నేలకి అసలు యజమానులు అక్కడి జనమే, దాన్ని ఇచ్చే అధికారం పోప్‌కి లేదు అన్నాడు. అయితే వ్యాపారాన్నీ, మతప్రచారాన్నీ అడ్డుకుంటే యుద్ధం చేయొచ్చని ఆయనే ఇంకో తలుపు తెరిచాడు. 1550-51లో వయ్యదొలీద్‌లో లాస్ కసాస్ ఆదివాసుల పక్షాన, సెపుల్వేడా యుద్ధం పక్షాన వాదించారు. తేల్చి తీర్పు ఏదీ రాలేదు. 1573లో రాజు కొత్త నిబంధనలు తెచ్చి 'ఆక్రమణ' అనే మాట తీసేసి 'శాంతింపజేయడం' అని పెట్టాడు. మాట మారింది, నేల తిరిగి రాలేదు.

ఇది మనకి దూరం కథ కాదు. బ్రిటిష్ వాళ్ల 1882 మద్రాసు అటవీ చట్టం చూడండి. అడవిని రిజర్వు చేసేముందు ప్రకటన ఇస్తారు. హక్కున్నవాళ్లు గడువులోగా వచ్చి చెప్పుకోవాలి, లేకపోతే ఆ హక్కు పోయినట్టే. చదవడం రాని కొండమీది మనిషికి ఆ ప్రకటన ఏం తెలుస్తుంది? ఆదివాసులకి చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది.

పోప్ శాసనాల నుంచి పుట్టిన ఆ సిద్ధాంతాన్ని వాటికన్ తిరస్కరించింది 2023లో. అంటే 530 ఏళ్లు పట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం అన్నేళ్లు ఆగలేం. ఈసారి గ్రామసభలో తీర్మానం చదివేటప్పుడు లేచి నిలబడి, కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో మళ్లీ చెప్పమని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే మీరే చెప్పండి. మన పెద్దోళ్లకి పూర్తిగా అర్థమయ్యాకే వేలిముద్ర.

జై ఆదివాసీ!