పలుకు తిరిగి వచ్చిన దారి

రోల్డ్ డాల్ పేరు వినగానే మనకు పిల్లల కథలే గుర్తుకొస్తాయి. ఆయన ఇంట నడిచిన ఈ కథ మాత్రం పెద్దలది.

ఆయన భార్య పట్రీషియా నీల్ ఆస్కార్ అందుకున్న నటి. 1965 ఫిబ్రవరిలో, లాస్ ఏంజెలెస్‌లో కూతురికి స్నానం చేయిస్తుండగా మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికామె గర్భవతి. మూడు వారాలు స్పృహ లేదు. మెలకువ వచ్చేసరికి కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. ఏడేళ్ళ పెద్దకూతురిని తట్టు బలిగొని అప్పటికి మూడేళ్ళయినా కాలేదు.

ఇంగ్లండు చేరాక డాల్ ఆమెను విశ్రాంతికి వదలలేదు. గ్రేట్ మిసెండెన్ గ్రామంలోని ఇరుగుపొరుగును వంతులవారీగా పిలిచి, రోజూ గంటల తరబడి చదివించారు, మాట్లాడించారు. అడిగిన వస్తువు పేరు సరిగా పలికితేనే చేతికిచ్చేవారు. ఇది ప్రేమా, పంతమా? క్రూరత్వమన్నవారూ ఉన్నారు, మొదట చదివినప్పుడు నాకూ అలాగే తోచింది. ఆ ఆగస్టులో లూసీ క్షేమంగా పుట్టింది. 1968లో వచ్చిన ‘ది సబ్జెక్ట్ వాజ్ రోజెస్’ చిత్రానికి నీల్ మళ్ళీ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వేలరీ ఈటన్ గ్రిఫిత్ అనే పొరుగావిడ. వైద్యం చదవని ఆమె, నీల్‌తో గడిపిన అనుభవంతో 1970లో పక్షవాత రోగుల కుటుంబాల కోసం ఒక పుస్తకం రాశారు. 1973లో ఆ పద్ధతిమీదే బ్రిటన్‌లో స్వచ్ఛంద సేవకుల పథకం మొదలైంది.

డాల్ దంపతులు 1983లో విడిపోయారు. తాను కోలుకోవడంలో ఆయన పట్టుదలకున్న పాత్రను నీల్ ఆ తర్వాత కూడా కాదనలేదు.