దివాలా ప్రక్రియలో ఇంటి అమ్మకం

దివాలా ప్రక్రియలో ఇంటి అమ్మకం అనగా అప్పులు తీర్చలేని స్థితికి చేరిన వ్యక్తి దివాలా పిటిషన్‌కు కొంత ముందు గాని, తరువాత గాని తన ఇంటిని అమ్మడం, లేదా కోర్టు నియమించిన రిసీవరు ఆ ఇంటిని అమ్మి అప్పులవారికి పంచడం. భారతదేశంలో సాధారణ వ్యక్తుల దివాలాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం వర్తిస్తుంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం వేరుగా ఉన్నది. తెలుగునాట వాడుకలో ఉన్న "ఐ.పి. పెట్టడం" అనే మాట ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే పేరుకు పొడి అక్షరాలే.

ఐ.పి. పెట్టిన వ్యక్తి ఇల్లు రిజిస్ట్రేషన్ రికార్డులలో ఇంకా అతని పేరు మీదనే కనిపించవచ్చు. కాని దానిని అమ్మే హక్కు చట్టరీత్యా అతని చేయి దాటిపోయి ఉండవచ్చు. ఈ విషయంలోని చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పిటిషన్, ఉత్తర్వు

దివాలా పిటిషన్‌ను ఋణి స్వయంగా గాని, అప్పు ఇచ్చినవారు గాని దాఖలు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇవి సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడుస్తాయి. మూల చట్టం ప్రకారం పిటిషన్‌కు ఉండవలసిన కనీస అప్పు 500 రూపాయలు. 1920లో పెద్ద మొత్తమైన ఇది నేడు దాదాపు అర్థరహితం. అప్పులవారు పిటిషన్ వేయాలంటే, అంతకు ముందు 3 నెలలలోపు ఋణి "దివాలా చర్య" ఏదైనా చేసి ఉండాలి. అప్పులవారికి అందకుండా చేసే ఉద్దేశంతో ఆస్తిని బదిలీ చేయడం 6వ సెక్షను ప్రకారం అటువంటి చర్యయే. అనగా ఇంటిని హడావిడిగా అయినవారి పేర రాయడమే ఒక్కొక్కసారి దివాలా పిటిషన్‌కు ఆధారమవుతుంది. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించుకోవడానికి వీలు లేదు.

విచారణ అనంతరం కోర్టు ఋణిని దివాలాదారుగా ప్రకటిస్తే, 28వ సెక్షను ప్రకారం అతని ఆస్తి యావత్తూ కోర్టుకు లేదా రిసీవరుకు సంక్రమిస్తుంది. దీనికి క్రయపత్రం గాని, రిజిస్ట్రేషన్ గాని అవసరం లేదు. అంతేకాక, ఈ ఉత్తర్వు వెలువడిన తేదీ నుండి కాక, పిటిషన్ దాఖలైన తేదీ నుండే అమలులోకి వచ్చినట్లు లెక్క. పిటిషన్ తేలడానికి ఏళ్ళు పట్టినా ఈ నియమం మారదు.

పిటిషన్‌కు ముందు జరిగిన అమ్మకాలు

అప్పుల్లో ఉన్న మనిషి ఇల్లు అమ్ముకోవడం నేరం కాదు. సరైన ధరకు అమ్మి, వచ్చిన డబ్బుతో బాకీలు తీర్చడం తరచుగా దివాలా కంటె మేలైన మార్గం. అయితే 53వ సెక్షను ప్రకారం, బదిలీ జరిగిన 2 సంవత్సరాలలోపు దాఖలైన పిటిషన్‌పై ఋణి దివాలాదారు అయితే, ఆ బదిలీని రద్దు చేయమని రిసీవరు కోర్టును కోరవచ్చు. సద్భావంతో, తగిన ప్రతిఫలం చెల్లించి కొన్నవారికి ఈ సెక్షను వర్తించదు. భార్యకు, పిల్లలకు, తోబుట్టువులకు రాసిన దానపత్రాలు, డబ్బు చేతులు మారని క్రయపత్రాలు ఇందులో ఎక్కువగా వివాదానికి వస్తాయి. బదిలీ సద్భావంతో జరగలేదని నిరూపించవలసిన భారం ప్రధానంగా దానిని ప్రశ్నించిన రిసీవరుదే. కొన్నవారి వద్ద బ్యాంకు ద్వారా డబ్బు చెల్లించిన ఆధారాలు ఉంటే రిసీవరు పని కష్టమవుతుంది. నగదు ఇచ్చామని చెప్పేవారి పని అంత సులభం కాదు.

అప్పులవారిలో ఒకరికి మాత్రమే మేలు చేసే ఉద్దేశంతో అతనికి ఇల్లు రాసివ్వడం 54వ సెక్షను పరిధిలోకి వస్తుంది. దీనికి గడువు 3 నెలలు.

పిటిషన్ తరువాత, ఉత్తర్వుకు ముందు

కొనుగోలుదారుకు అన్నిటికంటె ప్రమాదకరమైన కాలం ఇది. ఇల్లు ఋణి స్వాధీనంలోనే ఉంటుంది, పన్ను రశీదులు అతని పేరనే వస్తుంటాయి. ఇ.సి. (ఋణభార ధ్రువపత్రం) రిజిస్టరైన పత్రాలను చూపుతుంది గాని, కోర్టులో పెండింగులో ఉన్న ఐ.పి. అందులో కనిపించకపోవచ్చు. అటువంటి ఇంటిని కొన్న తరువాత ఋణిని దివాలాదారుగా ప్రకటిస్తే, అమ్మిన నాటికే ఆ ఇల్లు రిసీవరుది అయినట్లు లెక్కకు వస్తుంది.

ఈ కాఠిన్యాన్ని 55వ సెక్షను కొంత తగ్గిస్తుంది. ఉత్తర్వుకు ముందే, ప్రతిఫలం చెల్లించి, పిటిషన్ దాఖలైన సంగతి తెలియకుండా కొన్నవారికి ఈ సెక్షను రక్షణ ఇస్తుంది. తెలిసి కొన్నవారికి ఆ రక్షణ లేదు, పూర్తి ధర చెల్లించినా సరే. అందుచేత అమ్మేవారికి వ్యాపార నష్టాలు, చీటీల బాకీలు ఉన్నట్లు ఊళ్ళో వినిపిస్తున్నపుడు, ఇ.సి.తో సరిపెట్టుకోక, అతడు నివసించే ప్రాంతపు కోర్టులో ఐ.పి. ఉన్నదేమో న్యాయవాది ద్వారా వాకబు చేయించడం అవసరం.

ముందుగా అగ్రిమెంటు రాసుకుని బయానా ఇచ్చినవారికి ఇంటిపై యాజమాన్యం రాదు. అయితే ఆస్తి బదిలీ చట్టం 55(6)(బి) సెక్షను ప్రకారం, తమంతట తాము అన్యాయంగా వెనుదీయనంత వరకు, ఇచ్చిన బయానా మేరకు ఆ ఇంటిపై వారికి ఛార్జి ఉంటుంది.

తనఖాలో ఉన్న ఇల్లు

గృహఋణం ఇచ్చిన బ్యాంకు హక్కును దివాలా ఉత్తర్వు అడ్డుకోదు. 28వ సెక్షను 6వ ఉపసెక్షను దీనిని స్పష్టం చేస్తున్నది. బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, గడువు తీరాక స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. బాకీ పోగా మిగిలినది రిసీవరుకు చేరుతుంది. ఉదాహరణకు ఇల్లు 40 లక్షలకు పోయి, బ్యాంకు బాకీ 25 లక్షలైతే మిగిలేది 15 లక్షలు. ప్రామిసరీ నోట్ల మీద ఇచ్చిన అప్పులు 60 లక్షలు ఉంటే, ఖర్చులు లెక్కించకుండానే, రూపాయికి పావలా చొప్పున దక్కుతుంది.

ఉమ్మడి ఇల్లు

రిసీవరుకు సంక్రమించేది దివాలాదారు వాటా మాత్రమే. పూర్వార్జిత అప్పులకై కొడుకుల వాటాను సైతం అమ్మే హిందూ తండ్రి అధికారం కూడా, 1948లో చేర్చిన 28-ఎ సెక్షను వలన, రిసీవరుకు చేరేది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ తరువాత చేసిన అప్పులకు, కేవలం ధార్మిక బాధ్యత పేరిట కొడుకుల వాటాపైకి వెళ్ళడానికి వీలు లేదు. భార్య స్వార్జితంతో కొన్న ఇల్లు భర్త దివాలాలో చేరదు.

రిసీవరు అమ్మకం

రిసీవరు 59వ సెక్షను కింద ఇంటిని అమ్మి డబ్బును పంచుతాడు. అమ్మకంలో అన్యాయం జరిగిందని భావించిన దివాలాదారు గాని, అప్పులవారు గాని 21 రోజులలోపు కోర్టును ఆశ్రయించవచ్చు. ఇంట్లో అద్దెకున్నవారిని, ఖాళీ చేయించే హక్కు దివాలాదారుకే లేనపుడు, కోర్టు 56వ సెక్షను కింద బయటకు పంపజాలదు. తరువాత అప్పులన్నీ తీరి దివాలా ఉత్తర్వు రద్దయినా, అప్పటికి రిసీవరు చేసిన అమ్మకాలు చెల్లుతాయి. ఇల్లు తిరిగి రాదు. అన్నీ పోను డబ్బు మిగిలితే అది దివాలాదారుదే. ఆస్తిని మోసపూరితంగా దాచినవారికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష పడవచ్చు.

జప్తు నుండి మినహాయింపు గల ఆస్తి రిసీవరుకు చేరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం వ్యవసాయదారు, కూలీ, ఇంటి పనివారు తాము నివసించే సొంత ఇంటికి ఈ మినహాయింపు పొందుతారు. వ్యాపారి ఇంటికి ఈ రక్షణ లేదు.

2016 స్మృతి

2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన మూడవ భాగం, 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల విషయంలో మాత్రమే అమలులోకి తేబడింది. ఈ కేసులు హైదరాబాదు, అమరావతి బెంచీలు గల జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు వస్తాయి. దరఖాస్తును స్వీకరించిన తరువాత మారటోరియం కాలంలో హామీదారు తన ఇంటిని అమ్మరాదు. తాకట్టులో లేని ఒక నివాస గృహాన్ని ఈ స్మృతి మినహాయిస్తుంది. 2019 నియమాల ప్రకారం దాని విలువ పట్టణాలలో 20 లక్షలు, గ్రామాలలో 10 లక్షల రూపాయలు మించరాదు.