ప్రార్థిత స్వప్నము

యాదగిరిగుట్ట దేవుడు కొండజనులకు దొరకినది కలలో. ఋశ్యశృంగుని కుమారుడగు యాదమహర్షి ఈ కొండపై తపస్సు చేసి నరసింహుని జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపములతో దర్శించెనని స్థలపురాణము. ఋషి ముక్తుడైన పిమ్మట కొండజనులు స్వామిని కొలిచిరట. పూజావిధానము తెలియక అపచారము జరుగగా ఆయన కొండల లోపలికి మరలిపోయెనట. ఏండ్ల తరబడి వెదకినను కానరాని దేవుడు తుదకు వారిలోని ఒక స్త్రీకి స్వప్నమున కనబడి గుహ జాడ చెప్పెను. ఋషికి తపస్సువలన లభించినది ఆమెకు నిద్రలో లభించినది. మేము విన్న కథలో ఆమెకు పేరు లేదు.

ఇట్టి కథ యిదొక్కటే కాదు. భద్రాచలమున పోకల దమ్మక్కకు రాముడు కలలో కనబడి పుట్టలోనున్న తన జాడ తెలిపెనందురు. ఆముక్తమాల్యద రచింపుమని శ్రీకాకుళపు ఆంధ్రవిష్ణువు కృష్ణదేవరాయలకు స్వప్నమున ఆనతిచ్చినట్లు ఆ కావ్యావతారికయే చెప్పుచున్నది. తిక్కన సోమయాజికి హరిహరనాథుడు సాక్షాత్కరించినదియు కలలోనే. వీనిని కవుల ముచ్చటలని త్రోసివేయు చరిత్రకారులు కలరు. మే మట్లు త్రోసివేయజాలము. రాయలకు కల రాకున్నను కావ్యము వ్రాయుటకు అడ్డు చెప్పువారు లేరు. దమ్మక్కకు కల రాకున్నచో ఆమె మాట వినువారెవరు? శాసనము వేయింపలేనివారికి, శాస్త్రము చదువరానివారికి స్వప్నమే ప్రమాణపత్రము. కల కన్నది ఒకరైనను, నోట పలికిన తక్షణమే అది ఊరందరి సొత్తగుచుండెను.

ఆ సొత్తును మరల కన్నవానికే అప్పగించినవాడు వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్. స్వప్నార్థములను గూర్చిన ఆయన గ్రంథము 1899 నవంబరులో వెలువడెను. ముఖపత్రముపై మాత్రము 1900 అని ముద్రించిరి. కల రాబోవుదానికి సూచన కాదనియు, పగటి మనస్సు అణచివేసిన కోరిక రాత్రి మారువేషమున వచ్చుటయే కల యనియు ఆయన మతము. కలను చెప్పునపుడు మనము దానికి లేని పొందిక కల్పింతుమనియు ఆయన హెచ్చరించెను. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఫ్రాయిడుతో ఏండ్ల తరబడి ఉత్తరములు నడిపెను.

ఫ్రాయిడుతో తెగతెంపులు చేసికొన్న యుంగ్, ఒక్కొక్కని అచేతనమునకు అడుగున మానవులందరికి ఉమ్మడియైన మరియొక పొర కలదనెను. తల్లి, వృద్ధజ్ఞాని మొదలగు మూలరూపములు అందుండి పుట్టుననెను. ఆయన 1937 డిసెంబరులో ఈ దేశమునకు వచ్చి, కలకత్తాలో రక్తవిరేచనములతో పది దినములు ఆసుపత్రిలో పండుకొనెను. లేచిన పిమ్మట ఆయనకు వచ్చిన కలలో మన దేవుళ్లెవరును లేరు. ఇంగ్లండు దక్షిణ తీరమునొద్ద ఒక దీవి, ఒక కోట, ఐరోపా పురాగాథలలోని పవిత్ర పాత్రను వెదకుట, ఇంతే. పరదేశమున జబ్బుపడినవానికి కల ఇంటిదారి చూపినది. ఇక నరసింహుని కథ యుంగ్ శిష్యులకు పండుగయే: సంధ్యవేళ, గడపమీద, నరుడును మృగమును కానివాడు స్తంభము చీల్చుకొని వచ్చుట! అచేతనమునకు ఇంతకంటె చక్కని బొమ్మ యేది? ఆ వ్యాఖ్య మాకును ముచ్చటగనే యున్నది. కాని తాళములన్నియు ఒకే తాళపుచెవికి తెరచుకొన్నపుడు ఆ చెవినే శంకింపవలసి యుండును.

మన వైద్యశాస్త్రము ఈ విషయమున మౌనము వహింపలేదు. చరకసంహిత ఇంద్రియస్థానము కలలను ఏడు విధములుగ విభజించినది: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, కల్పించుకొన్నది, జరుగబోవునది, దోషములవలన పుట్టినది. అందు మొదటి ఐదును నిష్ఫలములని చెప్పినది. ఆ స్థానము మరణలక్షణములను విచారించు భాగము గనుక, రోగి బ్రతుకునా అను ప్రశ్నకు ఆ కలలు సమాధానము కావని మేము గ్రహించుచున్నాము. నాల్గవదానికి పేరు ప్రార్థితము, అనగా వేడుకొనగా వచ్చిన కల.

గుట్టపై జనులు వేడుకొనునది ఆ కలనే. ఇచ్చటి స్వామికి వైద్య నరసింహుడని ప్రసిద్ధి. దీర్ఘవ్యాధులు గలవారిని, మతి చలించినవారిని, గ్రహము పట్టినదని ఇంటివారు తలంచినవారిని తెచ్చి, మండలము పాటు నలువది దినములు ప్రదక్షిణలు చేయింతురు. స్వామి కలలో వచ్చి మందిచ్చునని, శస్త్రచికిత్స సైతము చేయునని నమ్మిక. 2016లో ఆరంభమైన పునర్నిర్మాణము ముగిసి 2022 మార్చి 28న క్రొత్త ఆలయము తెరచిరి. కొండ రూపు మారినది గాని ఈ నమ్మిక మారలేదు. గ్రీసుదేశమున ఎపిడౌరస్ అను చోట వైద్యదేవుడగు అస్క్లేపియస్ ఆలయమందును రోగులు ఇట్లే నిద్రించి కలకై వేచియుండిరి. నయమైనవారి వృత్తాంతములు క్రీస్తుకు పూర్వము నాల్గవ శతాబ్దపు శిలలపై నేటికిని చదువనగును.

దీనిని మూఢత్వమని ఒక్కమాటతో తేల్చుట సులభము. తమిళనాట ముత్తుస్వామి ఆలయమున తలదాచుకొన్న 31 మంది మనోరోగులను బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నలున ప్రకటించిరి. సగటున ఆరు వారములుండినవారికి, మందులు లేకయే, రోగలక్షణములు దాదాపు ఐదవవంతు తగ్గినవి. బెదరింపులేని ఆశ్రయమే అందుకు హేతువు కావచ్చునని వారి అభిప్రాయము. అదే తమిళనాట ఎర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వెలసిన ఒక వసతిగృహమున, 2001 ఆగస్టు 6న నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు 28 మంది మరణించిరి. రోగిని గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. కావున కలను గూర్చి వాదులాడుటకు ముందు, కల కనువాని కాళ్లకు ఏమున్నదో చూడవలెను.

మా చిన్నతనమున మా వీధిలో, వరుసకు మాకు పెద్దమ్మ యగు నొక యిల్లాలుండెడిది. బిడ్డ పుట్టి మరణించిన పిమ్మట ఆమె అన్నము మాని, మాట మాని, రాత్రులు ఇల్లు విడిచి పోవుచుండెను. గాలి సోకినదని ఇంటివారు నిశ్చయించి గుట్టకు తీసికొనిపోయిరి. అంతవరకు ఆమెను ఏమైనదని అడిగినవారు లేరు. గుట్టపై మాత్రము ప్రతి ఉదయమును అత్తగారు, మగడు, ప్రక్క చాపలవారు సైతము అడుగుచుండిరి: రాత్రి స్వామి వచ్చిండా? ఇరువది దినములు దాటిన పిమ్మట ఒకనాడు ఆమె వచ్చినాడనెను. కొబ్బరికాయలు కొట్టి ఇంటికి తెచ్చిరి. వ్యాధి పూర్తిగ విడువలేదు. మరి రెండు పర్యాయములు ఎర్రగడ్డ ఆసుపత్రికి పోవలసివచ్చెను. మందులు వాడినన్నినాళ్లు నెమ్మదిగ నుండెను. ఆ కలను మాత్రము ఊరివారు పలుమార్లు చెప్పుకొనిరి. తెల్లని వస్త్రములని ఒకరు, చేతిలో కత్తి యని ఒకరు చేర్చిరి.

కొన్నేండ్ల క్రిందట, ముసలితనమున మంచముపై నున్న ఆమెను ఆ కల యెట్టిదని మేమడిగితిమి. చాలసేపు ఊరకుండి చెప్పెను.

“మా అమ్మ వచ్చింది. నెత్తి మీద చెయ్యి పెట్టింది. అంతే. స్వామి వచ్చిండని చెప్పకుంటే ఇంటికి తోల్కపోతుండిరా బిడ్డా?”