పుట్టింట్లో లేని డ్రైవ్-ఇన్ సినిమా

న్యూజెర్సీ ప్రపంచానికి ఏమిచ్చిందని ఇక్కడి మనవాళ్ళని అడిగితే ఎడిసన్ బల్బు అంటారు, బెల్ ల్యాబ్స్ ట్రాన్సిస్టరు అంటారు. కార్లో కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ కూడా ఇక్కడే పుట్టిందని మాత్రం ఎవరూ అనరు. అనకపోవడంలో వింతేమీ లేదు లెండి. 1991 నుంచి 2004 దాకా ఈ రాష్ట్రంలో ఒక్కటంటే ఒక్క డ్రైవ్-ఇన్ కూడా లేదు. లేనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కథ రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయనతో మొదలవుతుంది. వాళ్ళ కుటుంబానిది కార్ల పాలిష్‌లూ, గ్రీజులూ అమ్మే వ్యాపారం. 1930ల మొదట్లో, అమెరికాలో బ్యాంకులు మూతపడుతున్న రోజుల్లో, ఈయన ఒక లెక్క వేసుకున్నాడు: చేతిలో డబ్బు లేనప్పుడు జనం అన్నిటికన్నా చివర్న వదులుకునేవేవి? తిండి, బట్ట, కారు, సినిమా. ఆ చివరి రెండూ కలిపేస్తే పోలా!

ఆ తర్వాత ఆయన చేసింది అచ్చం మనం చేసే టెస్టింగే. రివర్టన్ అనే ఊళ్ళో తన ఇంటి దగ్గరే కారు బానెట్ మీద కొడాక్ ప్రొజెక్టరు పెట్టాడు, చెట్లకి తెర కట్టాడు, తెర వెనక రేడియో పెట్టాడు. అద్దాలు దించి విన్నాడు, ఎత్తి విన్నాడు. వానొస్తే ఎలా ఉంటుందో చూద్దామని తోటకి నీళ్ళు చల్లే స్ప్రింక్లరు కారు మీదకి తిప్పాడు. అన్నిటికన్నా పెద్ద బగ్గు ఏంటంటే, ముందు కారు వెనక కారుకి అడ్డం. దానికి చక్రాల కింద దిమ్మలు పెట్టి, ఎంత ఎత్తితే తెర కనిపిస్తుందో కొలిచాడు. చివరికి తేలింది మన మడిగట్ల లాంటి ఏర్పాటు: తెర చుట్టూ వంపు తిరిగిన వరసలు, ఒక్కో వరసకీ ఓ మట్టి గట్టు, కారు ముందు చక్రాలు గట్టు మీద, వెనక చక్రాలు కింద. 1932 ఆగస్టులో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1933 మేలో వచ్చేసింది. నంబరు 1,909,537.

అదే ఏడు జూన్ 6న కామ్డెన్ ఊరి అంచున, పెన్సాకెన్‌లో, దాదాపు 400 కార్లు పట్టే థియేటరు తెరిచాడు. కారుకి 25 సెంట్లు, మనిషికి 25 సెంట్లు, ఎంతమంది ఎక్కినా మొత్తం డాలరు దాటదు. పిల్లలు ఏడ్చినా పక్కవాళ్ళు విసుక్కోరు, ఆఫీసు బట్టలు మార్చుకోనక్కర్లేదు. మన నేల టికెట్టుకి ఉన్న సుఖమే ఇది, కాకపోతే నాలుగు చక్రాల మీద.

స్పీకర్లిచ్చింది అదే ఊళ్ళోని ఆర్‌సీఏ విక్టర్. పాత గ్రామఫోను రికార్డుల మీద గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ మన ఇళ్ళల్లో కూడా ఉండేది కదా, అమెరికాలో ఆ బొమ్మ వీళ్ళది. స్పీకర్లన్నీ తెర దగ్గరే ఉండేవి. ధ్వని సెకనుకి సుమారు 1,100 అడుగులు పోతుంది కాబట్టి, తెరకి 400 అడుగుల దూరంలో ఉన్నవాడికి మాట మూడోవంతు సెకను లేటు. పెదాలు ఒకటి, మాట ఒకటి. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకైతే పెద్ద ఇబ్బంది అనిపించదు గానీ :) కారు కిటికీకి తగిలించుకునే స్పీకర్లు వచ్చింది 1941లో.

ఆ మొదటి థియేటరు మూడేళ్ళు కూడా నిండుగా నడవలేదు. కొత్త సినిమాలు దొరికేవి కావు, దొరికినవాటికి అద్దె ఎక్కువ. మూసేశారు.

ఇక పేటెంటు సంగతి. వేరేవాళ్ళు డ్రైవ్-ఇన్ కడితే రాయల్టీ కట్టాలని హాలింగ్స్‌హెడ్ వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 1949లో బోస్టన్ ఫెడరల్ అప్పీలు కోర్టు, ఇందులో కనిపెట్టడమంటూ ఏమీ లేదు పొమ్మని కొట్టేసింది. సుప్రీం కోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఆ పేటెంటు ఎలాగూ 1950లో చచ్చిపోయేదే! సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గోల రోజూ వినేవాణ్ణి కాబట్టి నా ఓటు జడ్జీలకే. మట్టిని వాలుగా పోయడానికి ఒకడి దగ్గర లైసెన్సు తీసుకోవడమేంటి? అయితే స్ప్రింక్లరు పెట్టుకుని తడిసినవాడికి వట్టి నంబరే మిగలడం మాత్రం బాధనిపిస్తుంది. ఆయన 1975 దాకా బతికాడు, అన్నీ చూశాడు.

అన్నీ అంటే: 1948లో దేశం మొత్తం మీద వెయ్యి లోపున్న డ్రైవ్-ఇన్‌లు 1958కి 4,000 దాటాయి. యుద్ధం అయిపోయింది, ఇంటింటికీ కారు, కారు నిండా పిల్లలు. ఈ రాష్ట్రంలోనే 1948లో యాస్బరీ పార్కు దగ్గర సొంత విమానంలో దిగి సినిమా చూసే థియేటరు కూడా పెట్టారు. 500 కార్లు, 25 విమానాలు!

మరెందుకు పోయాయి? టీవీ అంటారు, వీసీఆర్ అంటారు. నిజమే, కానీ నాకు సగమే అనిపిస్తుంది. డ్రైవ్-ఇన్‌కి పది పదిహేనెకరాలు కావాలి. సంపాదన చీకటి పడ్డాకే. ఎండాకాలం గడియారాలు గంట ముందుకి జరిపితే జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే, పిల్లల నిద్ర టైముకి కూడా టైటిల్స్ పడవు. చలికాలం మూతే. ఊరి బయట చవక పొలం, పక్కన హైవే, ఇదీ దాని బలం. ఆ హైవే పట్టుకునే ఊరు వచ్చింది, భూమి ధర పెరిగింది. బలమే గొంతు పిసికింది. రాష్ట్రంలో మిగిలిన ఆఖరిది హేజ్లెట్‌లో రూట్ 35 మీదుండేది. 1991లో మూసేశాక ఆ స్థలంలో మల్టీప్లెక్స్ లేచింది.

మన దగ్గరా టాకీసులు పోయాయి గానీ పేర్లు పోలేదు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకున్నవాళ్ళకి సత్యం థియేటర్ తెలియకుండా ఉండదు. దాన్ని పడగొట్టి కట్టిన మాల్‌లో 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది, అయినా ఆటో ఎక్కితే "సత్యం థియేటర్ దగ్గర ఆపు" అనే మాట చెల్లుతుంది. ఇక్కడ రోడ్లకి నంబర్లు, దార్లకి ఎగ్జిట్లు. తెర పడిపోతే దాని పేరు పట్టుకోవడానికి ఓ బస్టాపు కూడా లేదు.

2004లో ఒకటి మళ్ళీ తెరిచారన్నాను కదా, అది డెల్సీ డ్రైవ్-ఇన్. 1949లో మొదలై 1987లో మూతపడితే, ఓ పిల్లల డాక్టరు కొని బాగుచేయించాడు. ఉన్నది ఎడిసన్‌కి గంటన్నర దక్షిణాన, వైన్‌లాండ్‌లో. చుట్టూ ఇంకా కూరగాయల పొలాలున్న ఊరు.