హైదరాబాదు క్లోరోఫారం కమిషను

చేవెళ్ల ప్రాంతపు పల్లెలో మాకు వరుసకు పెద్దమ్మ ఒకామె ఉన్నది. ఆమె పిత్తాశయంలో రాళ్లు చేరినవనీ, శస్త్రచికిత్స తప్పదనీ వైద్యులు చెప్పినారు. ముందటి సాయంకాలం మత్తు డాక్టరు వచ్చి ఆమెను పరీక్షించినాడు. నోరు తెరిపించి చూచినాడు. మెడ వెనుకకు వంచమన్నాడు. కట్టుడు పళ్లున్నవా అని అడిగినాడు. రాళ్లు కడుపులో ఉండగా ఈయన నోటిలో ఏమి వెదకుచున్నాడని పెద్దమ్మకు అనుమానం. చివరకు ఆమె అడిగినది ఒకే ప్రశ్న. "నిద్రబుచ్చుతవు సరే బిడ్డా, మళ్ల లేపుతవా?" "లేపుతనమ్మా. లేపేదాంక నీ పక్కనే ఉంట" అని ఆయన జవాబు.

ఈ ప్రశ్న కొరకే మన హైదరాబాదులో 1888, 1889 సంవత్సరాలలో రెండు కమిషనులు కూర్చున్నవి. లండను, ఎడింబరో నగరాల వైద్యులు ఆ తీర్పు కొరకు ఎదురు చూచినారు. రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతిని మనం పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. దానికి ఎనిమిదేండ్ల ముందు మూసీ ఒడ్డున జరిగిన ఈ పరిశోధన మాత్రం వైద్యుల గోష్ఠులకే పరిమితమై పోయినది.

కథ కొంచెం వెనుకనుండి చెప్పవలసి ఉన్నది. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరంలో మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచే ఈథరు ఆవిరి పీల్పించినాడు. ఆ మత్తులో వారన్ అను శస్త్రవైద్యుడు అతని మెడమీది కంతికి కోత పెట్టినాడు. చిత్రమేమనగా, హైదరాబాదు వైద్య పాఠశాల వెలసినది కూడ ఆ సంవత్సరమే. మరుసటి యేడు నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు క్లోరోఫారంను ప్రయోగించినాడు. ఈథరు వాసన ఘాటు, దగ్గు తెప్పించును, నిప్పు తగిలిన భగ్గుమనును. క్లోరోఫారం వాసన తియ్యన. కొద్ది చుక్కలతో పని తీరును. దీపం దగ్గర ఉన్నను అంత భయం లేదు. ఉష్ణదేశాలలోని వైద్యులు, యుద్ధరంగపు వైద్యులు దానినే చేపట్టిరనిన ఆశ్చర్యం లేదు.

ఐతే మూడు నెలలు నిండకమునుపే కీడు బయటపడినది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపాన హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారం పీల్చి, కొద్ది నిమిషాలలో ప్రాణం విడిచినది. కాలిగోటికి ప్రాణం పోవుట! ఆ తరువాత ఇట్టి మరణాలు అక్కడక్కడ వినవచ్చుచునే ఉండినవి. విచిత్రమేమనగా, పెద్ద కోతలకంటె పన్ను పీకుట, గోరు తీయుట వంటి చిన్న పనులలో, ఆరోగ్యవంతులైన యువకులలో కూడ ఇవి జరిగినవి.

ఎందుచేత? ఈ ప్రశ్నపై వైద్యలోకం రెండుగా చీలినది. లండనులో జాన్ స్నో అను మహామేధావి ఉండెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫారం ఇచ్చినవాడు ఈయనే. ఆవిరి మోతాదు మీరినచో గుండె కొట్టుకొనుట నేరుగా ఆగిపోవునని ఆయన సిద్ధాంతం. గాలిలో ఆవిరి పాళ్లు కొలిచి ఇచ్చు పరికరాన్ని అందుకొరకే ఆయన నిర్మించినాడు. ఎడింబరోలో సైమ్ అను శస్త్రవైద్యుని బోధ వేరు. పరికరం అక్కరలేదు, మడిచిన గుడ్డ చాలును, నాడి జోలికి పోవద్దు, ఊపిరిని మాత్రం కనిపెట్టుచుండుమని ఆయన శిష్యులకు నూరిపోసినాడు.

ఆ శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చినాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, వైద్య పాఠశాల రెండును ఆయన చేతిక్రిందికి వచ్చినవి. గురుభక్తి ఆయనలో మతవిశ్వాసం వంటిది. గుండె ఆగుట అను మాట ఆయన చెవికి గిట్టదు. మొదట ఊపిరి ఆగును, పిమ్మట గుండె ఆగును. కావున ఊపిరిని కాచుకొన్నవానికి మరణం రాదని ఆయన నమ్మకం. దానిని నిరూపించుటకు 1888లో మొదటి కమిషను ఏర్పడినది. 141 ఊరకుక్కలకు మత్తు ఇచ్చి చూచినారు. ఫలితం లారీ అనుకొన్నట్లే వచ్చినది.

లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వం చేసిన పని ఈనాటికిని మెచ్చదగినది. మీకు నమ్మకం లేనిచో మీ మనిషినే పంపుడని, ఖర్చులకు 1000 పౌండ్లు లాన్సెట్ వారికి ఇచ్చినది. ప్రతిపక్షి రాకకు సొమ్ము ఇచ్చి పిలిచిన వాదం లోకంలో ఎన్ని ఉన్నవి? పత్రికవారు ఔషధశాస్త్రంలో దిట్టయైన లాడర్ బ్రంటన్‌ను పంపినారు. క్లోరోఫారం గుండెను ఆపగలదని నమ్మిన పక్షపువాడు ఆయన. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులుగా రెండవ కమిషను 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు పని చేసినది. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు మొదలుగా సుమారు 490 జంతువులపై ప్రయోగాలు జరిగినవి. నూరింటికి పైగా జంతువుల రక్తపుపోటును యంత్రం గీతలుగా గీయగా, ఆ గీతలకు ఛాయాచిత్రాలు తీసి భద్రపరిచినారు. ఆ మూగజీవాల మాట తలచినప్పుడు మనస్సు చివుక్కుమనక మానదు.

తీర్పు మరల లారీకే అనుకూలం. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొన్నాడు. ప్రమాదం ఊపిరి ఆడకపోవుట వల్ల గాని, మోతాదు మీరుట వల్ల గాని కలుగునే తప్ప, నేరుగా గుండెకు కలుగదని లండనుకు తంతి పంపినాడు. 1890లో లాన్సెట్ నివేదికను ప్రచురించినది. లారీ ఆనందానికి మేర లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పవలెను. ఆ తీర్పు తప్పు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడుకు మరియొక జంతువు రక్తాన్ని అందించి, క్లోరోఫారం గుండెపైననే నేరుగా పనిచేయునని చూపినారు. అసలు గుట్టు విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో ఆయన పిల్లులపై చేసిన ప్రయోగాలలో తేలినదేమనగా, లోతుగా మత్తెక్కిన గుండెకంటె అరకొరగా మత్తెక్కిన గుండెకే ఒక ప్రత్యేకమైన అపాయం ఉన్నది. భయం కలిగినప్పుడు, నొప్పి తగిలినప్పుడు మన శరీరంలో అడ్రినలిన్ అను రసం ఊరును. క్లోరోఫారం సోకిన గుండె దానిని ఓర్వలేదు. లయ తప్పి, కొట్టుకొనుటకు మారుగా కంపించి, నిలిచిపోవును. గోటికి, పంటికి మత్తు తక్కువగా ఇత్తురు. రోగి భయపడుచునే ఉండును. హానా గ్రీనర్ మరణానికి ఇదియే హేతువని పలువురు నేడు తలంతురు. మోతాదు జాగ్రత్తగా పెంచుచు లోతైన మత్తు ఇచ్చిన కమిషను కుక్కలలో ఇది కనబడకపోవుట సహజమే గదా! ఇంతకును మత్తు పూర్తిగా ఎక్కనిదే కోత మొదలుపెట్టరాదని, భయంవల్లనే మరణం కలుగవచ్చునని ఆ కమిషనే వ్రాసినది. తలుపు దాకా వచ్చి గడియ తీయక మరలిపోయిరి. ఊపిరి ఒక్కటే చాలును, నాడి చూడనక్కరలేదన్న బోధను కమిషను బలంతో ఎందరు వైద్యులు పాటించిరో, వారిలో ఎందరి చేతులలో రోగులు నశించిరో లెక్క కట్టగలవారు లేరు. లారీ మాత్రం చివరివరకు తన మాట విడువలేదు.

అయినను ఆ నివేదికలోని ఆచరణ సూత్రాలు చదివిన, నేటి మత్తు డాక్టరు తల ఊపవలసినవి కొన్ని ఉన్నవి. రోగిని వెల్లకిల పరుండబెట్టుము; మెడ, రొమ్ము బిగించు బట్టలు వదులు చేయుము; గుడ్డను మొదటనే ముక్కుకు అదిమి పెట్టకుము; ఊపిరి అడ్డుపడినచో గడ్డం పైకెత్తి నాలుక ముందుకు లాగుము. స్పృహ తప్పిన మనిషికి దవడ కండరాలు సడలి నాలుక వెనుకకు జారి గొంతును మూయును. గడ్డం ఎత్తిన నాలుక దానితో లేచి దారి విడుచును. పెద్దమ్మ మెడ ఎంత వంగునో, నోరు ఎంత తెరచుకొనునో డాక్టరు చూచినది ఈ దారి కొరకే.

మరియొక వ్యక్తిని తలవక ఈ కథ పూర్తికాదు. 1885లో లారీ వైద్య పాఠశాలలో చేరిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్జీ అను పార్శీ యువతి ఒకరు. 1889లో, అనగా రెండవ కమిషను కూర్చున్న సంవత్సరమే, ఆమె చదువు ముగించి, హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారం ఇచ్చుటనే వృత్తిగా చేపట్టినారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెయేనని పలువురి అభిప్రాయం. 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినారు. మత్తువైద్యానికి ప్రత్యేకమైన పట్టాలు లేని కాలమది. తాను ఇచ్చుచున్న ఆవిరి స్వభావమేమో మూలంనుండి తెలిసికొనవలెనన్న పట్టుదల గొప్పది. పరదాల వెనుక స్త్రీలు వైద్యుని చూడక చనిపోవుచున్న రోజులలో ఆమె ఉనికి ఎందరికి ప్రాణం పోసినదో! నా దృష్టిలో ఈ చరిత్రలో కమిషనుకంటె నిలువదగినది ఈమె పేరు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టినది. ఆ ఒడ్డుననే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచినది. మరల అట్టి వరద రాకుండుటకై నగరానికి పడమట మూసీపై గండిపేట, ఈసీపై హిమాయత్‌సాగర్ చెరువులు కట్టినారు. ఈ నడుమనున్న మొయినాబాదు, దానికి ఆవల చేవెళ్ల ప్రాంతాలలో నేడు వైద్య కళాశాలలే వెలసినవి.

అచ్చటి శస్త్రశాలలో క్లోరోఫారం సీసా కనబడదు. గుండెకే గాక కాలేయానికి కూడ అది చేటని తేలిన మీదట ఆ మందు ఎన్నడో మూలబడినది. 1956లో వచ్చిన హాలోథేను కూడ చాలచోట్ల తరువాతి మందులకు చోటిచ్చినది. పెద్దమ్మకు మొదట ముక్కుపై తొడుగు పెట్టి కొన్ని నిమిషాలు ప్రాణవాయువు పీల్పించినారు. ఊపిరి కొంతసేపు ఆగినను ఓర్చుటకు ఊపిరితిత్తులలో దాచిన నిల్వ అది. నరంలోకి నిద్రమందు, పిమ్మట కండరాలను సడలించు మందు ఇచ్చి, గొంతుగుండ శ్వాసనాళంలోకి గొట్టం పంపినారు. మత్తు ఇచ్చుటకై నోటిగుండ ఇట్లు గొట్టం వేయుటకు 1878లోనే గ్లాస్గోలో మాక్యూవెన్ దారి చూపియుండెను. వ్రేలికి తగిలించిన చిన్న బిళ్ల రక్తంలోని ప్రాణవాయువును కొలుచుచుండగా, నాడికొక గీత, ఊపిరికొక గీత ఒకే తెరపై ప్రక్కప్రక్కన నడిచినవి. ఎడింబరో, లండను రాజీపడుట ఆ తెరపై చూడవచ్చును.

గంటన్నర తరువాత డాక్టరు ఆమె చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచినాడు. గొట్టం తీయగానే ఆయన చేయి తనంతట తానే ఆమె గడ్డం క్రిందికి పోయినది. పెద్దమ్మ కండ్లు తెరచి మొదట అడిగినది గ్లాసెడు మజ్జిగ. అప్పుడే కూడదన్నందుకు ఆయనపై ఇప్పటికిని కోపమే.