మత్తు నుంచి మస్తు దాకా

తెలంగాణలో ‘చాలా’ అనాల్సిన చోట ఎక్కువగా వినబడే మాట మస్తు. సిద్దిపేట జిల్లా నంగునూరు వైపు ‘వాన మస్తు కొట్టింది’, ‘మక్కలు మస్తు పండినయి’, ‘పెండ్లికి మస్తు మంది వచ్చిండ్రు’ అంటారు.

దీని పుట్టిల్లు పారసీ. అక్కడ మస్త్ అంటే మత్తెక్కినవాడు. మదమెక్కిన ఏనుగునూ అలాగే అన్నారు. ఇంగ్లిషులో ఏనుగు మదానికి ఉన్న ‘మస్ట్’ అనే పేరు హిందుస్తానీ మీదుగా చేరిన ఈ మాటే. సంస్కృతంలోని మత్త, దాన్నుంచి వచ్చిన మన మత్తు దీనికి దాయాదులు: ధాతువు ఒకటే, ఇరాను వైపు ‘స్త’ అయింది, ఇటు ‘త్త’ అయింది. పెరుగు మీది తేటను కూడా సంస్కృతంలో మస్తు అంటారు గానీ అది వేరే మాట.

నిజాం రాజ్యంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. తహసీలు, దస్తావేజు లాంటివి కచేరీ కాగితాలతో ఊళ్లకు వచ్చాయి. మస్తు కాగితం మాట కాదు, దక్కనీ ఉర్దూతో కలిసిమెలిసి బతికిన జనం నోటి మాట. మత్తు హుషారైంది, హుషారు ‘బాగుంది’ అయింది, చివరికి ఒట్టి మోతాదు మిగిలింది. ‘ఎండ మస్తుగున్నది’ అని విసుక్కునేవారికి అందులో హుషారేమీ ఉండదు. దీనికి ఎదురుగా ‘కొంచెం’ అనే అర్థంతో నిలిచే ‘జర’ కూడా ఉర్దూ నుంచి వచ్చిందే; అరబ్బీలో దాని మూలానికి అర్థం రేణువు.

మోతాదు మాటలు ఇలా అరువు బతుకులు బతకడం మామూలే. ఇంగ్లిషు ‘వెరీ’ ప్రాచీన ఫ్రెంచిలో ‘నిజమైన’ అనే విశేషణం. అచ్చ తెలుగు చాలా సైతం ‘చాలు’ నుంచి పుట్టింది. అంటే మొదట్లో సరిపడా అనే, ఎక్కువ అని కాదు. నంగునూరు వైపు నోళ్లలో అది ‘శాన’ అవుతుంది.

వాడుకలో మస్తుకు స్వేచ్ఛ ఎక్కువ. ‘వెరీ’ నేరుగా క్రియ ముందు నిలవలేదు, పక్కన ‘మచ్’ తోడు కావాలి. మస్తుకు ఆ ఇబ్బంది లేదు: మస్తు పైసలు, మస్తు మంచోడు, మస్తు నవ్విండు. లేదనడానికి మాత్రం అది అంతగా పనికిరాదు. ‘మస్తు మంచిగ లేదు’ అనరు, ‘గంత మంచిగ లేదు’ అంటారు. హద్దు దాటిందని చెప్పాలన్నా వేరే మాటే కావాలి: ‘గింతగనం ఎందుకు తెచ్చినవ్?’